మా టెన్త్ క్లాసు హీలియం

కోనసీమ వాళ్ళని 1995 గురించి అడిగితే ముందు పాశర్లపూడి మంట గురించే చెప్తారు. జనవరి 8న అంటుకున్న గ్యాసు బావి మార్చి 15 దాకా, రెండు నెలల పైనే, పగలనక రాత్రనక మండింది. మా ఊరు అమలాపురానికి ఇవతల, మంటకి తూర్పున, దూరమే, అయినా రాత్రి డాబా ఎక్కితే పడమటి వైపు కొబ్బరి చెట్ల తలలు నల్లగా కనపడేవి, వాటి వెనక ఆకాశమంతా ఎర్రగా, పొద్దు గుంకుతూ గుంకుతూ మధ్యలో ఆగిపోయినట్టు ఉండేది. మామిడికుదురు వైపున్న మా మేనత్త వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి రెండు ట్రంకు పెట్టెలూ ఒక పాడిగేదె తోలుకుని మా ఇంటికి వచ్చేశారు. మంట ఆరాక అత్తా మావయ్యా వెళ్ళిపోయారు గానీ బావ మా ఇంట్లోనే ఉండిపోయాడు, టెన్త్ మా స్కూల్లోనే చేరాడు. నేను చెప్పబోయేది ఆ టెన్త్ క్లాసులో మేం చేసిన ప్రాజెక్టు సంగతి.

మా ఫిజికల్ సైన్స్ మాస్టారు ఆగస్టులో ఒకరోజు స్టీలు టిఫిన్ డబ్బా పట్టుకుని క్లాసుకి వచ్చారు. అందులో చీటీలు. ముగ్గురేసి ఒక గ్రూపు, గ్రూపుకి ఒక చీటీ, చీటీలో ఏ మూలకం వస్తే దాని మీద మూడు నెలలు పనిచెయ్యాలి, డిసెంబర్లో కాకినాడలో జరిగే జిల్లా సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఒక గ్రూపుని తీసుకెళ్తానన్నారు. మా గ్రూపులో నేను, బావ, మా వెనక వీధి టైలర్ గారి అమ్మాయి. ఆ అమ్మాయి రాత ముత్యాల్లా ఉండేది, చార్టులు తనతోనే రాయించచ్చని మేమే అడిగి కలుపుకున్నాం. చీటీ తీసింది కూడా తనే. విప్పి చూస్తే "హీలియం, పరమాణు సంఖ్య 2" అని ఉంది.

ముగ్గురికీ ప్రాణం ఉసూరుమంది. అయోడిన్ వచ్చినవాళ్ళు అప్పటికే అన్నం మెతుకు మీద టింక్చరు చుక్క వేసి నీలం రంగు చేసి చూపిస్తున్నారు, ఇనుము వాళ్ళకి అయస్కాంతం ఉంది, క్లోరిన్ వాళ్ళకి కనీసం బ్లీచింగ్ పౌడర్ ఉంది, మాకేముంది? పుస్తకంలో జడవాయువులు అని ఒక పేరా, అందులో హీలియంకి రెండు లైన్లు. సాయంత్రం స్టాఫ్ రూము దగ్గర నిలబడి "మాస్టారండీ, దీనికి రంగు లేదండి, వాసన లేదండి, మండదండి, దేంతోనూ కలవదండి, ఏం చూపిస్తామండి మేము" అని మొరపెట్టుకున్నాం.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "అది మొట్టమొదట కనపడింది మన గుంటూర్లోరా" అన్నారు.

నేను గుంటూరు అనే మాట దగ్గర ఆగిపోయాను, బావ మాత్రం వేరే మాట పట్టుకున్నాడు. "నిజంగా మండదాండి? గ్యాసేనాండి అది?" అని రెండు మూడు సార్లు అడిగాడు. రెండు నెలలు మంట వెలుతుర్లో నిద్రపోయినవాడు మండని గ్యాసు ఉందంటే ఎలా నమ్ముతాడు. అంతర్వేది తీర్థంలో గ్యాసు బూర కొనుక్కుంటే ఎవరో బీడీ తగిలించి అది భగ్గుమన్న సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆ బూరల్లో ఉండేది హైడ్రోజన్‌రా, కాస్టిక్ సోడాలో అల్యూమినియం ముక్కలు వేసి సిలిండర్లో తయారు చేస్తారు, అది హీలియం కన్నా తేలిక, కానీ నిప్పు తగిలితే అంటుకుంటుంది, హీలియం బూర పక్కన అగ్గిపుల్ల గీసినా ఏం కాదు అని మాస్టారు ఓపిగ్గా చెప్పారు. అప్పుడు బావ మొహంలో ఇష్టం మొదలయ్యింది.

ఆదివారాలు అమలాపురం లైబ్రరీకి సైకిలు మీద వెళ్ళి ఎన్‌సైక్లోపీడియాలు తిరగేసేవాళ్ళం, ఇంగ్లీషు మాకు అంతంత మాత్రం, ఒక్కో పేజీకి ఒక పూట పట్టేది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం, ఆ నీడ మన దేశం మీదుగా వెళ్ళి గుంటూరు, మచిలీపట్నం దాటి సముద్రంలోకి పోయింది. దానికోసం ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఆయన వచ్చి గుంటూర్లో మకాం పెట్టాడు. ఇంగ్లీషు వాళ్ళ తరఫున టెనెంట్ కూడా గుంటూరే, మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ మచిలీపట్నం. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆ ఐదు నిమిషాల పైచిలుకు సమయంలో అంచున ఎర్రటి జ్వాలలు కనపడితే, వాటి వెలుతురుని స్పెక్ట్రోస్కోపులోంచి, అంటే వెలుతుర్ని రంగులుగా విడదీసి చూపించే పరికరంలోంచి చూశారు. రంగుల పట్టీ బదులు మెరిసే గీతలు వచ్చాయి, అంటే ఆ జ్వాలలు వేడికి వెలుగుతున్న వాయువులన్నమాట. జాన్సెన్ ఆ గీతలు చూసి, ఇంత కాంతిగా ఉన్నాయంటే గ్రహణం లేకుండా కూడా కనపడతాయి కదా అనుకుని మర్నాడు పొద్దున్నే మళ్ళీ పెట్టి చూస్తే కనపడ్డాయి! గ్రహణం కోసం సముద్రాలు దాటి వచ్చినవాడు, గ్రహణం అక్కర్లేని పద్ధతి గుంటూర్లో కనిపెట్టుకుని వెళ్ళాడు. ఇది చదివిన రోజు మాకు కాళ్ళు నేల మీద ఆగలేదు.

మరి స్పెక్ట్రోస్కోపు ఎలా? స్కూలు ల్యాబులో ఒకే ఒక్క పట్టకం ఉంది, ఒక మూల కొంచెం చితికింది, మాస్టారు దాన్ని జేబురుమాల్లో చుట్టి మా చేతిలో పెట్టారు. బాటా చెప్పుల పెట్టె ఒకటి తీసుకుని లోపలంతా దీపం మసి పూసి నల్లగా చేశాం. ఒక చివర రెండు టోపాజ్ బ్లేళ్ళు ఎదురెదురుగా అతికించి మధ్యలో సన్నటి సందు వదిలాం, కాగితం దూరేంత సందు. రెండో చివర పట్టకం. అది ఏ కోణంలో పెట్టాలో తెలీక వారం రోజులు తిప్పాం. ఒక రాత్రి కరెంటు పోయి అమ్మ కొవ్వొత్తి వెలిగిస్తే, దాని ముందు పెట్టెలోకి తొంగి చూసిన బావ గట్టిగా కేకేశాడు. ఎరుపు నుంచి ఊదా దాకా రంగుల పట్టీ, జెర్రిపోతులా పొడుగ్గా.

ఆ తర్వాత ఉప్పు. కిరసనాయిలు స్టవ్వు నీలం మంట మీద గొడుగు ఊచని ఉప్పునీళ్ళలో ముంచి పెడితే మంట పచ్చగా అయిపోయేది. అప్పుడు పెట్టెలోంచి చూస్తే రంగుల పట్టీ ఉండదు, ఒక్కటే గీత, ముద్దబంతి పువ్వు పసుపు. అది ఉప్పులో ఉండే సోడియం సంతకం, ఏ మూలకం గీతలు దానివే. అమ్మ జాడీలో రాళ్ళ ఉప్పు గుప్పెళ్ళకి గుప్పెళ్ళు తీసుకెళ్ళి ఎన్ని సాయంత్రాలు వెలిగించామో లెక్కలేదు. ఎవరొచ్చినా చూపించేవాళ్ళం. పాలు పోసే ఆవిడ చూసి "ఉప్పులో ఇంత పసుపు దాక్కుందా బాబూ" అంది. ఎంత బాగా అడిగిందో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కథంతా ఆ పసుపు దగ్గరే ఉంది. సూర్యుడి జ్వాలల్లో కనపడ్డ పసుపు గీత అచ్చం సోడియం గీత పక్కనే ఉంటుంది. చాలామంది సోడియమే అనుకున్నారు.

అక్టోబర్ 24న గ్రహణం వచ్చింది, దీపావళి మర్నాడు. సంపూర్ణం రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా, మనకి పాక్షికం. మా అమ్మమ్మ 1980 గ్రహణానికి తలుపులన్నీ బిడాయించుకున్న మనిషి, ఈసారి కూడా ఆవకాయ జాడీల మీద గరిక వేసింది, పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. మాస్టారు మాత్రం మమ్మల్ని స్కూలు వెనక తోటకి రమ్మన్నారు. సూర్యుడి వంక చూడద్దు, నేల చూడండి అన్నారు. కొబ్బరాకుల సందుల్లోంచి పడే ఎండ మామూలుగా గుండ్రటి మచ్చల్లా ఉంటుంది కదా, ఆ పొద్దున అవన్నీ కొబ్బరి ముక్కల్లా వంకరయ్యాయి. తోటంతా, కాలవ గట్టు మీద, మాస్టారి తెల్ల చొక్కా మీద, టైలర్ గారి అమ్మాయి జడ మీద, ఎక్కడ చూసినా పచ్చి కొబ్బరి తరిగి ఆరబోసినట్టు సూర్యుళ్ళు. గాలికి ఆకులు కదిలితే అన్నీ కలిసి కదిలేవి. ఎవ్వరం మాట్లాడలేదు. ఇంటికెళ్ళి దూరదర్శన్‌లో వజ్రపుటుంగరం, అదే సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి అంచు ఒక్కచోట తళుక్కుమనడం, చూశాం, అదీ గొప్పే, కానీ నాకు తోటే ఎక్కువ గుర్తుంది.

నవంబర్లో మాస్టారు తనకి తెలిసిన లెక్చరర్ గారితో మాట్లాడి మమ్మల్ని అమలాపురంలో డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబుకి తీసుకెళ్ళారు. అప్పటికే టైలర్ గారి అమ్మాయి చార్టు మీద "హీలియం పుట్టిల్లు గుంటూరు" అని పెద్ద అక్షరాలు రాసేసింది, చుట్టూ లతలు కూడా గీసింది. లెక్చరర్ గారు ఆ చార్టు విప్పి చదివి, "బాగా రాశావమ్మా. కానీ ఇలా రాయచ్చో లేదో ఒకసారి నువ్వే చూసి చెప్పు" అని డార్క్ రూములోకి తీసుకెళ్ళారు.

ముందు సోడియం లాంపు వేశారు. అది వెంటనే పసుపు అవ్వలేదు, మొదట గులాబీ రంగులో వెలిగి, నెమ్మదిగా వేడెక్కి, కాసేపటికి గదంతా ఆ ఒక్క పసుపే అయిపోయింది, మా మొహాలు శవాల్లా, ఎర్ర రిబ్బను నల్లగా. స్పెక్ట్రోమీటర్ టెలిస్కోపులో దారం లాంటి అడ్డగీత ఉంటుంది, దాన్ని సరిగ్గా సోడియం గీత మీదకి తెచ్చి బిగించేశారు. మా చెప్పుల పెట్టెలో ఒక్కటిగా కనపడ్డ గీత అక్కడ రెండు గీతలు, వెంట్రుక సందుతో. తర్వాత లాంపు తీసేసి సన్నటి గాజు గొట్టం నిలబెట్టి ఇండక్షన్ కాయిల్ ఆన్ చేశారు. టకటకమని చప్పుడు, గొట్టంలో లేత గులాబీ కలిసిన పసుపు వెలుగు. "ఇదే మీ హీలియం" అన్నారు.

మూడు నెలలుగా దేని గురించి రాస్తున్నామో దాన్ని ఆ రోజు చూశాం.

"టెలిస్కోపు ముట్టుకోకమ్మా, ఊరికే చూడు" అని ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టారు. తను కన్ను పెట్టి చాలాసేపు ఉండిపోయింది. బావ ఆగలేక "ఏముందే, చెప్పవే" అంటున్నాడు. "ఎర్ర గీత ఉందండి... ఆకుపచ్చది, నీలం... పసుపు గీత ఉందండి" అని ఆగి, "దారం మీద లేదండి సార్. పక్కకి జరిగిందండి. ఆకుపచ్చ వైపుకి జరిగిందండి" అంది.

అంతే తేడా. కాంతి తరంగం పొడుగులో చెప్తే సోడియం జంట గీతలు 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌లు, హీలియంది 5876. నేను చూసినప్పుడు దారానికీ గీతకీ మధ్య ఉన్నది సన్నటి నల్లటి సందు, వేలితో ఇంత అని చూపించడానికి కూడా రానంత. లెక్చరర్ గారు లైటు వేసి అప్పుడు చెప్పారు. 1868లో పసుపు గీత ఒక్క జాన్సెనే కాదు చాలామంది చూశారు, మచిలీపట్నంలో పోగ్సన్ కూడా చూశాడు, కానీ ఆ గడబిడలో అది దారం మీద ఉందో పక్కన ఉందో ఖాయంగా తేల్చడానికి సమయం ఏది? అది తేల్చింది ఇంగ్లండ్‌లో లాకియర్, యుద్ధశాఖలో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో ఆకాశం చూసేవాడు, అదే ఏడాది అక్టోబర్లో గ్రహణం లేకుండానే చూసి ఇది సోడియం కాదు అని కొలిచి చెప్పాడు. జాన్సెన్ ఉత్తరం, ఆయన ఉత్తరం ఒకేరోజు పారిస్ అకాడమీలో చదివారట, ఫ్రాన్సు ప్రభుత్వం ఇద్దరి బొమ్మలతో పతకం కూడా వేయించింది. సూర్యుడికి గ్రీకులో హీలియోస్, దాంట్లోంచి హీలియం, లోహం అనుకుని చివర "ఇయం" తగిలించారు, అందుకే నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్‌ల మధ్య ఇదొక్కటే పేరు కలవకుండా ఉంటుంది. భూమ్మీద దొరికింది 1895 మార్చిలో, రామ్సే అనే ఆయన క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని యాసిడ్‌లో వేసి వచ్చిన గ్యాసులో అదే గీత చూశాడు. మాస్టారు వెంటనే "అంటే ఈ మార్చికి వందేళ్ళురా, మన మంట ఆరిన నెల" అన్నారు.

బావ అప్పుడు అడిగాడు, గ్యాసు బావుల్లో హీలియం ఉంటుందా అండి అని. ఉంటుంది, భూమి లోపల యురేనియం, థోరియం మెల్లగా విడిపోతూ వదిలే ఆల్ఫా కణాలనే చిన్న ముక్కలే హీలియం అవుతాయి, కొన్ని చోట్ల సహజవాయువుతో కలిసి నిలవ ఉంటుంది అని చెప్తూ లెక్చరర్ గారు డెక్స్‌టర్ అనే ఊరి కథ చెప్పారు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, 1903. ఊరి పక్కన బావి తవ్వితే హోరుమంటూ గ్యాసు వచ్చింది. ఊళ్ళోవాళ్ళు ఇంక మన దరిద్రం తీరిందని పండగ పెట్టుకుని, జనమంతా చేరి, వెలిగిద్దామని మండుతున్న గడ్డిమోపు దాని మీదకి తోశారు. ఆరిపోయింది. మళ్ళీ తోశారు, మళ్ళీ ఆరిపోయింది. యూనివర్సిటీ వాళ్ళు పరీక్ష చేస్తే అందులో ఎక్కువ భాగం నైట్రోజన్, మండే మీథేన్ కొంచెమే, 1905కి తేలిందేమిటంటే దాదాపు 2 శాతం హీలియం.

బావ అంతా విని, "మనది కూడా అలాంటిదైతే బాగుండునండి" అన్నాడు. లెక్చరర్ గారికి బావది ఏ ఊరో తెలీదు. మాస్టారికి తెలుసు, ఏమీ అనకుండా వాడి భుజం మీద చెయ్యి వేశారు.

ఆ రాత్రి టైలర్ గారి అమ్మాయి లతల చార్టు చింపేసి కొత్తది రాసింది. "గుంటూరులో చూశారు. ఇంగ్లండులో కొలిచారు. 27 ఏళ్ళకి భూమ్మీద పట్టుకున్నారు." పాతదాని మీద నాకు చాలా మమకారం ఉండేది, మన ఊరు పేరు తగ్గించేసినట్టు బాధపడ్డాను కూడా. తను మాత్రం "పక్కకి జరిగింది నేను చూశాను కదా, ఇంక అలా ఎలా రాస్తాను" అంది.

కాకినాడ మా గ్రూపే వెళ్ళింది. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, చెప్పుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని గౌతమి దాటి, కోటిపల్లిలో బస్సు ఎక్కి, ద్రాక్షారామం రామచంద్రపురం మీదుగా. పంటు మీద జల్లు పడుతుంటే మాస్టారు తన కండువా తీసి పెట్టెకి చుట్టారు. ఎగ్జిబిషన్లో జడ్జి ఒకాయన చూసి "ఇందులో హీలియం ఎక్కడుంది?" అన్నారు. బావ తడుముకోకుండా "సూర్యుడిలో ఉందండి. ఇక్కడ ఉప్పు మాత్రమే ఉందండి. దాని గీత చూస్తే దీని గీత ఎందుకు వేరో తెలుస్తుందండి" అని పెట్టె ఆయన చేతికిచ్చాడు. ఆయన చూశారు, రాసుకున్నారు, వెళ్ళిపోయారు. ప్రైజు రాలేదు. మాస్టారు మాకు కాజాలు కొనిపెట్టారు, తిరుగు పంటు వచ్చేసరికి చీకటిపడింది.

1996 నవంబర్ 6 తుఫానుకి మా పెంకుటిల్లు సగం ఎగిరిపోయింది, తోటలో చెట్లు ఒక్కవైపుకే దువ్వినట్టు పడిపోయాయి, అటక మీదున్న పెట్టె, చార్టు, నోట్సు ఏవీ మిగల్లేదు. పోయిన మనుషుల్ని తల్చుకుంటే అట్టపెట్టె గురించి చెప్పుకోకూడదు. పట్టకం ఒక్కటీ అంతకుముందే స్కూలుకి తిరిగిచ్చేశాం. గ్రహణం చూసిన ఆ తోటలో మాత్రం ఆకుల సందులు అంటూ ఏమీ లేకుండా పోయాయి, చాలా ఏళ్ళు నేలంతా ఒకటే ఎండ.

మొన్న అమ్మకి నడుం నొప్పని కాకినాడలో ఎమ్మారై తీయించాం. లోపలికి పంపే ముందు ఆ టెక్నీషియన్ కుర్రాడు గొలుసు, గాజులు తియ్యమని చెప్తుంటే నేను మిషన్ గురించి అడిగాను. అయస్కాంతం తీగల్ని ద్రవ హీలియం చల్లగా ఉంచుతుందండి, మైనస్ 269 డిగ్రీలు, అది తగ్గిపోతే మిషన్ లేదండి అన్నాడు. బయట బెంచీ మీద కూర్చుంటే గోడ అవతల్నుంచి ఆ టకటక చప్పుడు వినపడుతోంది, నాకు ఇండక్షన్ కాయిల్ చప్పుడే గుర్తొచ్చింది.

అమ్మ బయటికొచ్చి గాజులు తొడుక్కుంటూ "ఏంట్రా ఆ మోత, లోపలేం ఉంది?" అంది. హీలియం అమ్మా, మేం టెన్త్‌లో చేశాం చూడు అన్నాను.

"ఆ సూర్యుడి గ్యాసా? దానికోసమేగా జాడీడు ఉప్పు స్టవ్వు మీద తగలేశారు నువ్వూ మీ బావానూ, బర్నరు తుప్పు పట్టిపోతే మీ నాన్న కొత్తది కొన్నారు" అంది. ఆటోలో కూర్చున్నాక కాసేపుండి మళ్ళీ అడిగింది, "ఆ టైలర్ గారి అమ్మాయి ఎక్కడుందిరా ఇప్పుడు? అది జరిగిందని ముందు చూసింది ఆ పిల్లే అని చెప్పేవాడివి కదా."

రావులపాలెంలో ఫిజిక్స్ చెప్తోందమ్మా అన్నాను.